నేలపట్టు చెరువు గట్టు మీద ఒక పూట నడక: వెళ్ళొచ్చినవాళ్ళు, వెళ్ళాలనుకునేవాళ్ళు ఇక్కడ రాయండి

గట్టుమీదనడక
నిన్న పొద్దున నేలపట్టు వెళ్ళొచ్చాను, ఇంకా ఆ ధ్యాసలోనే ఉన్నాను కాబట్టి మరిచిపోకముందే రాసేస్తున్నా. గూడూరు నుంచి చెన్నైకి ఎన్నిసార్లు పోయానో లెక్కే లేదు. పోయిన ప్రతిసారీ దొరవారిసత్రం దగ్గర పక్షుల కేంద్రం బోర్డు చూడడం, తిరిగొచ్చేటప్పుడు ఆగుదాంలే అనుకోవడం, వచ్చేసరికి చీకటి పడిపోవడం. ఈసారి అక్కడికే అని బయల్దేరాం, నేనూ మా నాన్నా. నాన్నకి 71 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి, అయినా ఇబ్బంది పడలేదు, ఎందుకంటే నడక అంతా చెరువు గట్టు మీదే, ఎక్కడం దిగడం లేదు.

గేటు దాటి కొంచెం లోపలికి పోగానే ముందు వాసన తగులుతుంది. కోళ్ళ ఫారం దగ్గర వచ్చే ఘాటు లాంటిదే, దానికి చెరువు నీచు కలిసినట్టు. ఆ తర్వాత గట్టెక్కితే ఎదురుగా నీళ్ళల్లో నిలబడ్డ చెట్లు, చెట్ల నిండా తెల్లగా బూడిదరంగుగా గూడబాతులు (పెలికాన్లు). నాన్న అక్కడే ఆగిపోయి "పత్తి పగిలినట్టుంది కదరా" అన్నారు. నిజంగానే అలా ఉంది. ఒక్కో చెట్టు మీద ఎన్నెన్నో గూళ్ళు, ఒక పక్షి వచ్చి వాలితే కొమ్మ మొత్తం వంగి, పక్క గూటిలోది కూడా రెక్కలు విప్పి సర్దుకోవాల్సి వస్తోంది. అంత పెద్ద పక్షి ఆకాశంలో ఉన్నప్పుడు మాత్రం బరువే లేనట్టు, రెక్క ఊపకుండా గుండ్రంగా తిరుగుతూ కిందికి దిగుతుంది.

నన్ను బాగా పట్టేసింది పిల్లలకి తిండి పెట్టడం. పిల్ల తన ముక్కు, తల, మెడ దాకా తల్లి నోటి సంచిలోకి దూర్చేస్తుంది. బయట నుంచి చూస్తే తల్లి పిల్లని మింగేస్తోందా అని భయమేస్తుంది. లోపల కక్కి పెట్టిన చేపల్ని అది ఏరుకుని తింటుందట. బయటికి తల తీశాక ఇంకా కావాలని రెక్కలు కొట్టుకుంటూ గోల. రెండు గంటలు అక్కడే కూర్చున్నాం, నాన్నని లేపడమే కష్టమైంది.

బయటికి వచ్చాక టీ కొట్టు దగ్గర ఒకాయన ఇవన్నీ సైబీరియా నుంచి వస్తాయి, మూడు నెలలు ఇక్కడ పురుడు పోసుకుని వెళ్ళిపోతాయి అని చెప్పారు. పేపర్లలో కూడా చాలాసార్లు అలాగే చదివాను. మరి ఇంత దూరం ఎందుకు వస్తాయో, ఈ ఒక్క చెరువునే ఎందుకు పట్టుకున్నాయో తెలిసినవాళ్ళు చెప్పండి.

పేటకుర్రాడు
మాది సూళ్ళూరుపేట పక్కనే అన్నా. నేలపట్టు గురించి ఇంత మనసుపెట్టి రాసినందుకు ముందు థాంక్స్.

ఈ చెరువే ఎందుకు అంటే, మీరు చూసిన ఆ చెట్ల వల్ల. వాటిని మేము కడప చెట్లు అంటాం. నెలల తరబడి నడుముల్లోతు నీళ్ళల్లో నిలబడ్డా కుళ్ళవు. చుట్టూ నీళ్ళుంటే నక్క గానీ అడవిపిల్లి గానీ గూటి దాకా పోలేదు, కింద నీళ్ళే దానికి కోట గోడ. ఆ నీటి అడవి 80 హెక్టార్ల పైచిలుకు ఉంటుంది, మిగతాదంతా మెట్ట మీద చిట్టడవి. అంతా కలిపి కేంద్రం విస్తీర్ణం 458.92 హెక్టార్లు, 1976లో రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అప్పుడు నెల్లూరు జిల్లా, 2022లో తిరుపతి జిల్లాలో కలిసింది.

ఇంకొకటి. గూడు ఇక్కడ, తిండి మాత్రం ఎక్కువగా బయటే. తల్లులు పులికాట్ సరస్సుకీ చుట్టుపక్కల చెరువులకీ పోయి చేపలు తెస్తాయి. మా పెద్దవాళ్ళు పులికాట్ అనరు, ప్రళయకావేరి అంటారు. కాబట్టి నేలపట్టు పురిటిల్లు అయితే ప్రళయకావేరి వంటిల్లు. సరస్సులో చేప తగ్గితే గట్టు మీద పిల్లలకి ఆకలే.

నేలపట్టు ఊరివాళ్ళ గురించి కూడా చెప్పాలి. మీకు ఘాటుగా తగిలిన వాసన ఆ ఊరికి ఎరువు. రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పొలాలకి పారుతాయి, అందుకే ఆ ఆయకట్టు రైతులు వేరే ఎరువు తక్కువ వేస్తారు. పక్షి మీద రాయి వేస్తే ఊరుకోరు. అటవీశాఖ రాకముందు నుంచీ ఉన్న అలవాటు అది.

పిట్టలపుస్తకం
గట్టుమీదనడక గారూ, బాగా రాశారు. సైబీరియా మాట గురించి కొంచెం పొడుగ్గా చెప్పాల్సి ఉంది, ఓపిగ్గా చదవండి.

మీరు చూసిన గూడబాతు సైబీరియా పక్షి కాదు. మన పక్షే. ముక్కు పైన నీలం చుక్కలు వరుసగా ఉంటాయి చూడండి, ఆ జాతి గూళ్ళు కట్టేది దక్షిణ భారతం, శ్రీలంక, అస్సాం, కంబోడియా లాంటి చోట్లే. సైబీరియా చలిలో అది ఎప్పుడూ బతకలేదు. గూళ్ళు కట్టే కాలంలో నేలపట్టుకి వస్తుంది, అయిపోయాక నీళ్ళూ చేపలూ ఎక్కడుంటే అటు మన చుట్టుపక్కల చెరువులకే చెదిరిపోతుంది. ఎర్రకాళ్ళ కొంగా అంతే, నత్తగుల్ల కొంగా అంతే, నీటికాకీ అంతే.

ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. మన దగ్గర గూడు కట్టి పిల్లల్ని చేస్తోందంటే అది దాదాపు ఎప్పుడూ మన ప్రాంతపు పక్షే. ఉత్తరాది చలికి తట్టుకోలేక వచ్చేవి ఇక్కడ తిని బలం పుంజుకుని పోతాయి గానీ గుడ్లు పెట్టవు, వాటి పురుడు అక్కడే. సూదితోక బాతు, గరిటెమూతి బాతు, ప్రళయకావేరి బురదలో సూదిలాంటి పొడుగు ముక్కుతో గుచ్చుకుంటూ తిరిగే ఉల్లంకి పిట్టలు, ఇవీ నిజంగా వేల కిలోమీటర్లు దాటి వచ్చేవి. పట్టతల బాతు అయితే మంగోలియా, టిబెట్ వైపు నుంచి హిమాలయాలు దాటి వస్తుంది.

ఇది చిన్న విషయం అనుకోవద్దు. సైబీరియా నుంచి వచ్చిన చుట్టం అనుకుంటే, ఈ ఏడు రాకపోతే అక్కడేదో అయ్యుంటుంది అని ఊరుకుంటాం. మన పక్షి అని తెలిస్తే, మన చెరువుకే ఏదో అయిందని వెతుకుతాం.

సిక్కోలుబిడ్డ
పిట్టలపుస్తకం గారు చెప్పింది చదివి నాకు కొంచెం మనసు చివుక్కుమంది, నిజం చెప్తున్నాను. మాది టెక్కలి దగ్గర. తేలినీలాపురంలో మా అమ్మమ్మ వాళ్ళ ఊరివాళ్ళు సైబీరియా పక్షులు అనే పిలుస్తారు. వినాయక చవితి దాటాక సెప్టెంబరులో అవి వస్తే ఊరికి ఆడపడుచులు వచ్చినట్టు. అవి రాని ఏడు ఊరికి మంచిది కాదని మా అమ్మమ్మ గట్టిగా నమ్మేది. చింతచెట్ల మీద, ఇళ్ళ పెరట్లో కూడా గూళ్ళు కడతాయి, వాకిట్లో రెట్టలు పడినా ఎవరూ విసుక్కోరు. దీపావళికి టపాసులు ఊరి దగ్గర కాల్చనివ్వరు. ఇన్ని తరాలుగా అంత దూరం నుంచి వస్తున్నాయనే గౌరవంతోనే కాపాడారు కదా. ఇప్పుడు కాదు ఇవి ఇక్కడివే అంటే ఆ గౌరవం పోదా?

పిట్టలపుస్తకం
అమ్మా, మీ అమ్మమ్మగారు అన్న ఆడపడుచు మాటే అసలైన నిజం. ఆడపడుచు పరాయి దేశం మనిషి కాదు కదా. ఈ ఊళ్ళో పుట్టి, వేరేచోట తిరిగి, పురుటికి మళ్ళీ పుట్టింటికి వస్తుంది. తేలినీలాపురం గూడబాతులు చేసేది సరిగ్గా అదే. ఊరిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, ఆ ఊళ్ళు లేకపోతే ఈ పక్షి ఈపాటికి ఎక్కడుండేదో. ఒకప్పుడు దీన్ని అంతరించే ముప్పున్న జాతుల పట్టికలో పెట్టారు, 2007లో ఒక మెట్టు తగ్గించి ముప్పుకి దగ్గరగా ఉన్నవాటిలోకి మార్చారు. మన దక్షిణాది ఊళ్ళ కాపలా దానికి ఒక పెద్ద కారణం.

సిక్కోలుబిడ్డ
పుట్టింటికి వచ్చే ఆడపడుచు. ఇది నాకు నచ్చింది అండి, ఈ మాట మా మామయ్యకి చెప్తాను. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో కూడా ఇలాగే ఉంటుంది, అక్కడ నత్తగుల్ల కొంగలు తొలకరికే వచ్చేస్తాయి, వాటిని చూసే రైతులు దుక్కికి సిద్ధమయ్యేవారని అంటారు.

చెన్నైతెలుగు
మాది అంబత్తూరు. నేను పోయిన మే నెలలో పిల్లలకి సెలవులు కదా అని తీసుకెళ్ళాను. ఒక్క గూడబాతు లేదు. చెరువు అడుగు కనపడుతోంది, పగుళ్ళు, ఎండ మాడిపోతోంది, చిన్నది ఏడుపు. ఆన్‌లైన్‌లో ఒక ట్రావెల్ పేజీ సంవత్సరం పొడుగునా చూడొచ్చని రాసింది, దాన్ని నమ్మి వెళ్ళాం. అసలు ఎప్పుడు వెళ్ళాలో ఎవరైనా సరిగ్గా చెప్పండి, కారు లేకుండా కూడా వీలవుతుందా?

పేటకుర్రాడు
అన్నా, మే నెలలో వెళ్తే ఎవరికైనా అంతే. ఆ పేజీ అలా రాయడం చాలా తప్పు.

మాకు నైరుతి వానలు తక్కువ, ఈశాన్య వానలే దిక్కు. అక్టోబరు, నవంబరులో వానలు పడి చెరువు నిండితే గూడబాతులు వచ్చి కొమ్మలు ఏరడం మొదలుపెడతాయి. డిసెంబరు, జనవరికి గుడ్లు, పిల్లలు. గుడ్డు పొదగడానికి నెల, పిల్ల ఎగరడానికి ఇంకా మూడు నెలలు పైనే. మార్చి చివరికి ఖాళీ అవడం మొదలవుతుంది. వానలు లేటయితే ఈ లెక్క మొత్తం వెనక్కి జరుగుతుంది. వానే లేని ఏడు గూళ్ళు కట్టకుండా పోయినవీ ఉన్నాయి. చెట్టు కింద నీళ్ళు లేకపోతే అది ఆ చెట్టుని నమ్మదు. అందుకే నేను తేదీ చూడను, నవంబరులో వానలు ఎలా పడ్డాయో చూస్తాను. పిల్లలతో వెళ్ళేవాళ్ళకి జనవరి, ఫిబ్రవరి బెస్ట్.

కారు లేకపోయినా పర్లేదు. చెన్నై సెంట్రల్ నుంచి సూళ్ళూరుపేట దాకా లోకల్ రైళ్ళు ఉన్నాయి. అక్కడి నుంచి బస్సులో దొరవారిసత్రం, అక్కడ ఆటో. దొరవారిసత్రంలో స్టేషన్ కూడా ఉంది గానీ అన్ని రైళ్ళూ ఆగవు, చూసుకుని ఎక్కండి. ఆటోవాళ్ళతో తిరుగు ప్రయాణం కూడా ముందే మాట్లాడుకోండి. మంచినీళ్ళు మీరే తెచ్చుకోండి.

గోదారిగాలి
నాది కాకినాడ. మా కోరింగలో మడ అడవి మధ్య చెక్క వంతెన మీద నడుస్తాం, మీకు గట్టు మీద నడక. రెండూ నడిచినవాడిగా చెప్తున్నాను, చూసే తీరు వేరు. కోరింగలో చెట్టే చూడాలి. బురదలోంచి మేకుల్లా పైకి లేచిన మడ వేళ్ళు, ఆటుకి నీళ్ళు తీశాక ఒక్కసారిగా బయటపడే పీతలు, అదృష్టం ఉంటే నీటికుక్కల గుంపు. అక్కడ పక్షి కనపడకపోయినా వెళ్ళిన పని అయినట్టే. నేలపట్టులో చెట్టు వేదిక, పక్షే కథ. కోరింగ చాలా పెద్దది, 235 చదరపు కిలోమీటర్లు, మనం నడిచేది అందులో ఒక మూల. నేలపట్టు చిన్నది కాబట్టి ఒక పూటలో దాదాపు మొత్తం మనసులోకి వచ్చేస్తుంది. నాకు ఆ చిన్నతనమే ఇష్టం.

సైబీరియా చర్చ చదివాక ఒకటి గుర్తొచ్చింది. మా పశ్చిమ గోదావరిలో, కొల్లేటికి అవతల ఆరేడు అనే ఊళ్ళో ఒకప్పుడు చాలా పెద్ద గూడబాతుల కాలనీ ఉండేది. 1946లో కె.కె. నీలకంఠన్ అనే మలయాళీ పక్షి పరిశీలకుడు దాన్ని చూసి బయటి ప్రపంచానికి చెప్పారు. ఊరి చెట్ల మీదే గూళ్ళు. తర్వాత కొన్నేళ్ళకి ఆ కాలనీ పూర్తిగా ఖాళీ అయిపోయింది. మా తాతయ్య తరం వాళ్ళు చూశారు, మా నాన్న తరం విన్నారు, నేను చదివాను. తిరిగి చాలాకాలానికి కొల్లేరు ఒడ్డున ఆటపాకలో అటవీశాఖ ఇనప స్టాండులు పాతితే వాటి మీద గూళ్ళు కట్టుకుంటున్నాయి. చెట్లు లేనిచోట ఇనుము మీద కాపురం పెట్టిన పక్షిని చూస్తే దాని పట్టుదలకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది, మరి ఆ పరిస్థితి తెచ్చింది మనమే అని బాధా వేస్తుంది. నేలపట్టులో కడప చెట్లు ఇంకా నిలబడి ఉన్నాయంటే అది మామూలు సంగతి కాదు.

గట్టుమీదనడక
గోదారిగాలి గారూ, ఆరేడు సంగతి నాన్నకి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మా ఊరి చెరువు గురించి చెప్పుకొచ్చారు, ఒండ్రుమట్టి బండ్ల మీద పొలాలకి తోలుకునే రోజుల్లో మా చెరువులోనూ కొంగలు గూళ్ళు కట్టేవట, గట్టు మీద చెట్లు కొట్టేశాక రాలేదట. నాకు ఈ సంగతే తెలీదు, 40 ఏళ్ళొచ్చాయి.

కెమెరాకన్ను
నేను మూడుసార్లు వెళ్ళాను. ఫొటోలకి చాలా మంచి చోటు కానీ 400 లెన్స్ ఉన్నా చాలదు, చెట్లు లోపలికి ఉంటాయి. వాచ్ టవర్ మీద నుంచి కూడా దూరమే. పైన ఎగురుతున్నప్పుడు తీస్తే మంచివి వస్తాయి, అందుకని మా గ్రూపులో కొందరు చప్పట్లు కొట్టి లేపుతారు, ఒక్క నిమిషంలో మళ్ళీ వాలిపోతాయి కదా, దానివల్ల పెద్ద నష్టం ఏముంది? డ్రోన్ తెద్దామని కూడా అనుకుంటున్నాం.

పిట్టలపుస్తకం
నష్టం ఏముందో చెప్తాను. గూడబాతు లేచిన ఆ ఒక్క నిమిషంలో కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి, గద్ద చిన్న పిల్లని తన్నుకుపోతుంది. రెక్కలు రాని పిల్లకి ఒంటిమీద బొచ్చు కూడా సరిగ్గా ఉండదు, తల్లి నీడ తీసేస్తే జనవరి ఎండకి కూడా మాడిపోతుంది. కంగారుగా లేచేటప్పుడు ఆ పెద్ద కాళ్ళకి తగిలి గుడ్లు కిందపడతాయి, పడితే నీళ్ళల్లోనే. ఇవన్నీ మీ ఫొటోలో కనపడవు. ఇక డ్రోన్ సంగతి, రక్షిత ప్రాంతంలో అనుమతి లేకుండా ఎగరేయడం నేరం. దయచేసి వద్దు.

పేటకుర్రాడు
చప్పట్లు కొట్టేవాళ్ళని నేను గట్టు మీదే అడ్డుకున్నాను ఒకసారి, చాలా బాధేస్తుంది అన్నా ఇలాంటివి చదివితే. పోయినేడు ఒక కాలేజీ బస్సు వచ్చింది, బ్లూటూత్ స్పీకర్లో పాటలు పెట్టుకుని గట్టు పొడుగునా డాన్సులు. కాపలా ఆయన ఒక్కడే, ఎంతమందికని చెప్తాడు? మేము నలుగురు కుర్రాళ్ళం వెళ్ళి బతిమాలితే ఆపారు, ఆపాక వాళ్ళలోనే ఇద్దరమ్మాయిలు వచ్చి బైనాక్యులర్ అడిగి గంటసేపు చూశారు. చూపిస్తే చూస్తారు. చూపించేవాళ్ళే తక్కువ.

కెమెరాకన్ను
కాకులు గుడ్లు ఎత్తుకుపోవడం గురించి నిజంగా ఆలోచించలేదు. పోయినసారి మేము లేపినప్పుడు కాకులు ఒక్కసారిగా గుంపుగా దిగడం నా ఫొటోలోనే ఉంది, అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడు తీసి చూశాను. గ్రూపులో చెప్పాను. డ్రోన్ మాట కూడా మానేశాం.

చెన్నైతెలుగు
పిల్లలకి బైనాక్యులర్స్ ఏవి కొనాలి? మరీ ఖరీదైనవి వద్దు.

పిట్టలపుస్తకం
8x42 అని రాసి ఉన్నవి చూడండి. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా కనపడుతుంది, 42 అంటే ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. 20 రెట్లు, 30 రెట్లు అని అమ్మేవి తీసుకోవద్దు, చేతిలో వణికి ఏమీ కనపడదు. చిన్నపిల్లల చేతికి బరువనుకుంటే 8x32 తీసుకోండి. వాళ్ళకి ముందు ఇంటి దగ్గర కాకిని, గోరింకని చూడడం నేర్పించండి. లేకపోతే గట్టు మీద అద్దాలు సరిచేసుకోవడంలోనే సగం టైము పోతుంది.

ప్రళయకావేరి_ఒడ్డు
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. మాది సరస్సు పక్క ఊరు, మా నాయన వల వేసే మనిషి. నేలపట్టు చూసినవాళ్ళు అక్కడితో ఆగి వెళ్ళిపోతుంటారు, వీలైతే అదే రోజు సాయంత్రం శ్రీహరికోట రోడ్డు మీదికి రండి. సూళ్ళూరుపేట నుంచి షార్ (రాకెట్ కేంద్రం) కి పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది, రెండు పక్కలా నీళ్ళు. దారిలో అటకానితిప్ప దగ్గర అటవీశాఖ కేంద్రం ఉంది. రాజహంసలు (ఫ్లెమింగోలు) ఎక్కువగా ఆ చుట్టుపక్కలే దిగుతాయి. నీళ్ళు మోకాలి లోతులోపు ఉన్నచోటే నిలబడి, తల కిందులుగా పెట్టి, ముక్కుని జల్లెడలా ఆడించి నాచూ చిన్న రొయ్యలూ వడకట్టుకుని తింటాయి. ఆ గులాబీ రంగు కూడా ఆ తిండి వల్లే వస్తుంది. లేచినప్పుడు రెక్కల కింద ఎరుపు నలుపు కనపడుతుంది, ఆ క్షణం చూడాలనే అందరికీ ఉంటుంది గానీ, వాటిని లేపొద్దు, సాయంత్రం దాకా ఆగితే అవే లేస్తాయి.

పేటకుర్రాడు వంటిల్లు అన్నాడు, ఆ వంటిల్లు గురించి నేను చెప్పాలి. మన దేశంలో చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. సముద్రం నీళ్ళు లోపలికి రావాలంటే రాయదొరువు, కొండూరుపాళెం, కింద తమిళనాడు వైపు పళవేర్కాడు దగ్గర ముఖద్వారాలు తెరుచుకుని ఉండాలి. మా వైపు ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతుంటాయి. పూడితే పోటు నీళ్ళు రావు, నీళ్ళతోపాటు వచ్చే చేపపిల్ల, రొయ్యపిల్ల రాదు, ఎండాకాలానికి సరస్సు ఉత్తర భాగం తెల్లగా ఉప్పు పేరుకున్న మైదానం అయిపోతుంది. మా నాయన చిన్నప్పుడు ఇంటి ముందు దొరికిన చేపకి ఇప్పుడు పడవలో చాలా దూరం పోతున్నాడు. అదే చేప కోసం గూడబాతు కూడా పోతోంది. మేమూ అదీ ఒకే కంచంలో తినేవాళ్ళం. పూడిక తీయాలని మా వాళ్ళు ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. పక్షుల గురించి మాట్లాడేవాళ్ళు ఈ మాట కూడా గట్టిగా అడిగితే మాకు బలం అవుతుంది.

గోదారిగాలి
ప్రళయకావేరి_ఒడ్డు గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. జనవరిలో సూళ్ళూరుపేటలో జరిగే పక్షుల పండుగలో ఈ ముఖద్వారాల మాట వస్తుందా?

ప్రళయకావేరి_ఒడ్డు
నేను వెళ్ళిన ఏడు స్టేజీ, పాటలు, స్టాళ్ళు ఎక్కువ కనపడ్డాయి అన్నా. అయితే బడిపిల్లల్ని బస్సుల్లో నేలపట్టుకి తీసుకెళ్ళి చూపించారు, అది మంచి పని. మా చెల్లి మొదటిసారి గూడబాతు పిల్లని చూసింది ఆ బస్సులోనే. సరస్సు ఒడ్డున పుట్టి కూడా.

కొత్తగావచ్చాను
ఈ చర్చ చదివే ఇక్కడ చేరాను. నిన్న మా అత్తగారిని, పాపని తీసుకుని వెళ్ళాం. పొద్దున తొందరగా వెళ్ళి, రంగురంగులవి కాకుండా ముదురు బట్టలు కట్టుకుని, గట్టు మీద మెల్లగా నడిచాం. పాపకి ఆరేళ్ళు. ఇంత నిశ్శబ్దంగా అది ఎప్పుడూ ఉండలేదు. పెద్ద గూడబాతులు అస్సలు అరవవని గమనించింది అది, గోల అంతా పిల్లలదే అమ్మా అంది. ఎర్రకాళ్ళ కొంగలు కూడా నోటితో అరవవు, ముక్కులు టకటకా కొట్టుకుంటాయని అక్కడ అటవీశాఖ ఆయన చూపించారు. మెట్ట అడవి వైపు కూడా కొంచెం నడిచాం, పాలచెట్లు గుర్తుపట్టి మా అత్తగారు ఎండాకాలంలో పాలపళ్ళు ఏరుకుని తిన్న సంగతులు చెప్పుకుంటూ వచ్చారు, మూతికి పాలు అంటుకుని పెదాలు బంకబంకగా అయ్యేవట.

ఒక్క విషయం మాత్రం కలతపెట్టింది. ఒక చెట్టు కింద నీళ్ళల్లో పిల్ల ఒకటి పడి ఉంది, బతికే ఉంది, తల ఎత్తుతోంది. పైన తల్లులు పట్టించుకోవడం లేదు. పాప ఏడ్చేసింది. మేము గేటు దగ్గర చెప్పాం. అలాంటప్పుడు మనం దిగి తీయొచ్చా?

పిట్టలపుస్తకం
చెప్పి మంచి పని చేశారమ్మా, దిగకపోవడం ఇంకా మంచి పని. మీరు నీళ్ళల్లోకి దిగితే చుట్టూ పది చెట్ల మీద తల్లులు లేస్తాయి, ఒక పిల్లకోసం పది గూళ్ళు ముప్పులో పడతాయి. గూటి నుంచి పడ్డ పిల్లని తల్లి కిందికి వచ్చి మేపదు, అది దాని స్వభావం, కఠినం అనుకోవద్దు. కర్ణాటకలో కొక్కరె బెళ్ళూరు అనే ఊళ్ళో కూడా ఈ పక్షులు ఇళ్ళ మధ్య చెట్ల మీదే గూళ్ళు కడతాయి. అక్కడ కింద పడ్డ పిల్లల్ని ఊరివాళ్ళు ఒక కంచెలో పెట్టి, చేపలు వేసి పెంచి, రెక్కలొచ్చాక వదిలేస్తారు. అది తెలిసినవాళ్ళు చేసే పని. మనం చేయాల్సింది మీరు చేసిందే, సిబ్బందికి చోటు గుర్తుగా చెప్పడం.

పేటకుర్రాడు
అక్కా, ఏ చెట్టో గుర్తుందా? టవర్ నుంచి ఎటువైపు? రేపు పొద్దున నేను ఎలాగూ అటు పోతున్నాను, అడిగి చెప్తాను.

కొత్తగావచ్చాను
టవర్ మీద నుంచి చూస్తే ఎడమ చేతి వైపు, గట్టుకి దగ్గరగా రెండు చెట్లు కలిసిపోయినట్టు ఉంటాయి, వాటి కింద తమ్ముడూ.

పేటకుర్రాడు
పోయొచ్చాను అక్కా. నిన్న సాయంత్రమే తెప్ప వేసుకుని తీశారట. కాలికి దెబ్బ ఉంది, చేపలు తింటోంది. పాపకి చెప్పండి.

గట్టుమీదనడక
మార్చి రెండో వారం. నాన్న పట్టుబట్టి మళ్ళీ తీసుకెళ్ళమన్నారు, నిన్న వెళ్ళాం. చెరువు సగానికి తగ్గింది, కడప చెట్ల మొదళ్ళు బురదలో బయటపడ్డాయి. జనవరిలో మేము చూసిన పిల్లలు ఇప్పుడు తల్లులంత ఉన్నాయి, రంగు మాత్రం ఇంకా మట్టిరంగే. గూటి అంచున నిలబడి రెక్కలు విప్పి గాలికి పట్టుకుంటున్నాయి, కాళ్ళు మాత్రం కొమ్మని వదలవు. నాన్న ఒకదాన్నే ఎంచుకుని దాన్నే చూస్తూ కూర్చున్నారు. పదకొండు దాటాక, ఎండ గట్టిపడ్డాక, అది వదిలింది. చెరువు దాటి దక్షిణం వైపు, సరస్సు ఉన్న దిక్కుకి పోయింది. నాన్న లేచి గొడుగు తీసుకుని "పద" అన్నారు.